బాగ్దాదు కితాబుల దుకాణం

ముస్లింలకు ఒకటే పుస్తకమనీ, అది దాటి వాళ్లు చదవరనీ ఒక మాట ఉంది. సుల్తానుల యుద్ధాలు తప్ప మన గురించి ఇంకేమీ చదవనివాళ్లకు అది నిజమే అనిపిస్తుంది. ఏ పుస్తకం చదవాలి, ఎవరి మాట నమ్మి చదవాలి అన్న ప్రశ్న కోసం వెయ్యేళ్ల కింద ముస్లింలు ఎంత శ్రమపడ్డారో వాళ్లకు ఎవరూ చెప్పలేదు. మనకూ చెప్పలేదు.

పదో శతాబ్దపు బాగ్దాదులో పుస్తకాలకు నకళ్లు రాసి అమ్మేవాళ్లను వర్రాక్‌లు అనేవాళ్లు. అచ్చు లేని కాలం. ప్రతి కితాబునూ చేత్తో రాయాల్సిందే. కాగితం ఖర్చు, సిరా ఖర్చు, రాసేవాడి కూలి. ఏది కొనాలో తెలియకుండా కొంటే నష్టమే. అక్కడ ఇబ్న్ అల్ నదీం అనే వర్రాక్ హిజ్రీ 377లో, అంటే క్రీ.శ. 987-88లో, 'ఫిహ్రిస్త్' రాశాడు. అరబ్బీలో ఉన్న అన్ని విద్యల పుస్తకాలకూ పది భాగాల జాబితా అది.

అది దుకాణం నడిపినవాడి జాబితా. కవుల పేర్ల పక్కన వాళ్ల కవిత్వం ఎన్ని కాగితాలు ఉంటుందో రాశాడు. కాగితమంటే ఒక్కో వైపు 20 పంక్తులు పట్టేదని ముందే చెప్పాడు. చేతికొచ్చింది మొత్తమా, ముక్కా అన్నది కొనేవాడు లెక్కచూసుకోవచ్చు.

మొదటి భాగంలోనే యూదుల గ్రంథాలు, క్రైస్తవుల గ్రంథాలు, ఖురాన్ ఉన్నాయి. తొమ్మిదో భాగంలో మానీ మతం, హిందూస్తాన్, చీనా మతాల సంగతులు. వైద్యంలో అరబ్బీలోకి వచ్చిన మన సుశ్రుతుడు. మతం వేరని పక్కన పెట్టలేదు. నచ్చకపోయినా పక్కన పెట్టలేదు. పారశీకుల 'హజార్ అఫ్సాన్' కథల్ని చప్పగా ఉన్నాయని తీసిపారేశాడు. కానీ పేరు రాశాడు, కథ ఎలా మొదలవుతుందో కూడా రాశాడు. ఆ కథల వంశంలోదే తర్వాత లోకమంతా చదివిన 'అల్ఫ్ లైలా'.

పొగడ్త నమ్మి మోసపోవడమూ ఈ చరిత్రలో ఉంది. హకీం రాజీ గ్రంథం చదువుతూ అల్ బిరూనీ అందులో మానీ రాసిన ఒక పుస్తకం ప్రస్తావన చూశాడు. దానికోసం నలభై ఏళ్లకు పైగా వెతికాడు. చివరికి ఖ్వారెజ్మ్‌లో దొరికింది. చదివితే ఆశపడ్డదేమీ లేదు. అయినా చించి పారేయలేదు. తనలా తపించేవాళ్లు త్వరగా తేరుకోవాలని దాని సారం క్లుప్తంగా రాసిపెట్టాడు. రాజీ పుస్తకాల జాబితా కావాలని ఒకరు అడిగితే రాసిస్తూ ఈ సంగతి తనే చెప్పుకున్నాడు. రాజీతో విభేదిస్తూనే ఆయన పుస్తకాలన్నీ వరసగా ఎక్కించాడు.

1258లో మంగోలులు బాగ్దాదును నాశనం చేశారు. ఫిహ్రిస్త్‌లోని చాలా పుస్తకాలకు ఇవాళ పేరొక్కటే మిగిలింది. ఆ వర్రాక్ రాయకపోతే అదీ ఉండేది కాదు.

ఇదంతా ఎక్కడో అరబ్బుల సంగతి కాదు. హైదరాబాదులో 1888లో మొదలైన దాయిరతుల్ మఆరిఫ్ ఇలాంటి అరబ్బీ రాతప్రతుల్ని వెతికి, సరిచూసి అచ్చువేసింది. హిందూస్తాన్ గురించి బిరూనీ రాసిన మహాగ్రంథం అరబ్బీ మూలాన్ని 1958లో ప్రచురించింది. ఈ పనిని మన తెలుగు పుస్తక పరిచయాలు ఎన్నిసార్లు పట్టించుకున్నాయి? తప్పక చదవాల్సినవంటూ పెద్దలు వేసే జాబితాల్లో మన ఇళ్ల గురించి, మన మాటలో వచ్చిన పుస్తకాలు ఎన్ని?

మేం అడిగేది పొగడ్త కాదు. బాగోలేకపోతే బాగోలేదని రాయండి, ఎందుకో చెప్పండి. దానికి మేం జవాబు చెప్పగలం. పేరే రాయకపోతే దేనికి జవాబు చెప్పాలి? అలాగే మన జాబితా మనం వేసుకునేటప్పుడు, మనతో పేచీ ఉన్నవాళ్ల పుస్తకాలకూ అందులో చోటివ్వాలి. వెయ్యేళ్ల కింద దుకాణంలో కూర్చున్న ఒక వర్రాక్ ఆ పని చేశాడు.