కొలరాడో పరీవాహకంలో శీతాకాల హిమపాతం: పసిఫిక్ ప్రభావం

అమెరికాలో రాకీ పర్వతాల్లో పుట్టే కొలరాడో నదికి ప్రధాన ఆధారం చలికాలంలో కురిసే మంచు. ఆ మంచు ఎంత పడుతుందన్నది కొంతవరకు పసిఫిక్ మహాసముద్రం చేతిలో ఉంది. భూమధ్యరేఖ వద్ద సముద్ర ఉపరితలం మామూలుకన్నా వేడెక్కే ఎల్ నినో ఏళ్లలో, తుపానులను నడిపించే జెట్ ప్రవాహం దక్షిణానికి జరుగుతుంది. అరిజోనా, న్యూ మెక్సికోలలో వానా మంచూ ఎక్కువ పడే అవకాశం పెరుగుతుంది. సముద్రం చల్లబడే లా నినాలో తుపానుల దారి ఉత్తరానికి మళ్లి, వాయవ్యాన ఉన్న కొలంబియా నది పరీవాహకానికి కలిసొస్తుంది. పసిఫిక్ ఉష్ణోగ్రతల్లో ఏళ్ల తరబడి సాగే మార్పు, అంటే పసిఫిక్ దశాబ్ద డోలనం, ఈ ప్రభావాన్ని పెంచనూవచ్చు, తగ్గించనూవచ్చు.

చిక్కంతా కొలరాడో ఎగువ ప్రాంతంతోనే. అది ఈ రెండు మండలాల నడుమ ఉండటంతో సముద్రం పోకడను బట్టి అక్కడి మంచును అంచనా వేయడం కష్టం. 2022–23లో లా నినా ఉన్నా మంచు సగటును బాగా మించింది. అలాగని సముద్రాన్ని పట్టించుకోనక్కర్లేదని కాదు. అరిజోనా ఉన్న దిగువ పరీవాహకంలో దాని మాట ఎక్కువసార్లు చెల్లుతుంది.

అందుకే పడిన మంచును నేరుగా కొలుస్తారు. కొండలపై గడ్డకట్టని ద్రవం నింపిన దిండ్లు పరిచి, వాటిపై పడిన మంచు బరువును బట్టి అందులోని నీటిని లెక్కగడతారు. వేసవి ప్రవాహాన్ని అంచనా వేయడానికి ఏప్రిల్ 1 నాటి కొలత కీలకం. ఎగువ కొలరాడో విషయంలో ఎల్ నినో కబురుకన్నా ఈ తూకమే నమ్మదగ్గది.