వాగుకు వారం వారం పరీక్ష

కొండవాగుల ఆరోగ్యం కనిపెట్టే విద్యకు ఒక పెద్దబాలశిక్ష ఉందంటే అది హబ్బర్డ్ బ్రూక్. అమెరికాలోని న్యూహ్యాంప్‌షైర్‌లో, వైట్ మౌంటెన్స్ కొండల్లో పారే వాగు. 1955లో అక్కడి అటవీశాఖ దాని పరీవాహక అడవిని పరిశోధనకు కేటాయించింది. అప్పటి గోలంతా నీటి లెక్కే: ఎంత కురిసింది, ఎంత పారింది. పిల్లవాగులకు అడ్డంగా చిన్న కట్టలు కట్టి, మధ్యలో ‘వి’ ఆకారపు గండి వదిలారు. గండిలో నీటిమట్టం చూస్తే ప్రవాహం ఎంతో తేలిపోతుంది.

ఆ నీళ్లలో ఏముందో కూడా చూద్దామని 1963లో పూనుకున్నవాళ్లు హెర్బర్ట్ బోర్మన్, జీన్ లైకెన్స్, రాబర్ట్ పియర్స్, నోయ్ జాన్సన్. మూత్రపరీక్షతో వైద్యుడు ఒంట్లో సంగతి పట్టినట్టే, వాగునీటితో అడవి సంగతి పట్టవచ్చన్నది వాళ్ల ఆలోచన. అక్కడ అడుగున ఉన్నది నీరు ఇంకని రాయి. కొండమీద పడిన వానలో ఆవిరైంది పోగా మిగిలిందంతా ఆ గండిలోంచే రావాలి. అడుగు చిల్లుల కుండలాంటి నేలలో ఈ లెక్క కుదిరేది కాదు.

వాగుతోపాటు వాననూ సీసాల్లో పట్టారు. అసలు గుట్టు అక్కడే బయటపడింది. మామూలు వాన పీహెచ్ సుమారు 5.6, ఇక్కడ 4 దగ్గర. ఒక్క అంకె తగ్గితే ఆమ్లత పదిరెట్లు! ఎక్కడో కాల్చిన బొగ్గు పొగ, మనిషి అలికిడి లేని అడవి మీద కురుస్తోంది. 1974లో లైకెన్స్, బోర్మన్ ‘సైన్స్’ పత్రికలో ఈ సంగతి రాశారు.

మరి వాగులో కాపురమున్నవాళ్ల మాటేమిటి? 1977లో నారిస్ బ్రూక్ అనే పిల్లవాగులోకి కావాలనే సల్ఫ్యూరిక్ ఆమ్లం వదిలి, పీహెచ్‌ను 4కు దించారు. (రోగం తెలియాలని రోగం అంటించడమన్నమాట!) రాళ్లను కరుచుకుని బతికే పురుగులు పట్టు వదిలేసి, ప్రవాహంలో కొట్టుకుపోవడం పెరిగింది.

1990లో గాలి కాలుష్య చట్టాన్ని బిగించాక వానలో ఆమ్లం బాగా తగ్గింది. వాగు మాత్రం అంత తొందరగా కోలుకోలేదు. దశాబ్దాల ఆమ్లం మట్టిలోని కాల్షియాన్ని కడిగేసిందని పాత సీసాల లెక్కలే చెప్పాయి. 1999లో ఒక పిల్లవాగు పరీవాహకమంతా హెలికాప్టర్‌తో కాల్షియం ఖనిజపు గుళికలు చల్లారు. దగ్గర్లోని మరో పిల్లవాగును మాత్రం పోల్చి చూసుకోవడానికి ముట్టుకోకుండా వదిలేశారు.