పద్నాలుగు వేల బ్యాటరీ, 1986 చట్టం

ఈరోజు హిస్టరీ మా ఇంట్లోంచే మొదలుపెడతా. మూడేళ్ళ క్రితం నాన్న ఆన్‌లైన్‌లో ఇన్వర్టర్ బ్యాటరీ కొన్నారు, పద్నాలుగు వేలు. ఏడాది తిరక్కుండానే పోయింది. వారంటీ అడిగితే, "మీరు డిస్టిల్డ్ వాటర్ సరిగ్గా పోయలేదు" అని కంపెనీ చేతులెత్తేసింది. కేసు వేద్దామన్నా. నాన్న నవ్వారు. "ఓడినోడు కోర్టులో ఏడిస్తే, గెలిచినోడు ఇంటికొచ్చి ఏడ్చాడంట, వదిలెయ్ రా" అన్నారు.

ఆ సామెత ఊరికే పుట్టలేదు. చిన్న మొత్తాల తగాదాల కోసం బ్రిటిష్ వాళ్ళు 1887లోనే ప్రావిన్షియల్ స్మాల్ కాజ్ కోర్ట్స్ చట్టం తెచ్చారు. కానీ అదీ సివిల్ దావానే. కోర్టు ఫీజు కట్టాలి, వకీలుని పెట్టుకోవాలి. వెయ్యి రూపాయల వస్తువు కోసం అంత ఎవరు తిరుగుతారు?

అసలు మలుపు 1986లో వచ్చిన వినియోగదారుల రక్షణ చట్టం. జిల్లా, రాష్ట్రం, జాతీయం అని మూడంచెలు పెట్టారు. జిల్లా ఫోరంలో అధ్యక్షుడితో పాటు ఇద్దరు సభ్యులు, వాళ్ళలో ఒకరు మహిళ. లాయర్ లేకుండా మన కేసు మనమే చెప్పుకోవచ్చు. మొదట్లో జిల్లా ఫోరం పరిధి లక్ష రూపాయల లోపే. తర్వాత సుప్రీంకోర్టు ఆ గొడుగుని ఇంకా పెద్దది చేసింది: 1993లో ప్రభుత్వ హౌసింగ్ సంస్థలు, 1995లో డబ్బు తీసుకుని వైద్యం చేసే డాక్టర్లు దాని కిందకొచ్చారు.

ఒక్క చిక్కు మిగిలింది. పాత చట్టంలో కేసు వేయాలంటే కంపెనీ ఉన్న చోటో, వ్యవహారం జరిగిన చోటో వేయాలి. ఆన్‌లైన్‌లో కొంటే అది ఏ ఊరు? అక్కడే వాదనలు. 2019 చట్టం, 2020 జులై 20 నుంచి అమల్లోకొచ్చి, దీన్ని తేల్చేసింది: మనం ఉండే ఊళ్ళో, లేదా పనిచేసే ఊళ్ళో వేసుకోవచ్చు. చెల్లించిన సొమ్ము ఐదు లక్షల లోపైతే ఫీజు లేదు. గడువు రెండేళ్ళు.

కాబట్టి నేనే రాసి, మా జిల్లా కమిషన్‌లో వేశా. నిజం చెప్పాలి: టెస్టింగ్ అక్కర్లేని కేసుల్ని మూడు నెలల్లో తేల్చడానికి ప్రయత్నించాలని చట్టంలో ఉంది, మాకు పద్నాలుగు నెలలు పట్టింది. నాలుగు సెలవులు పోయాయి. బ్యాటరీ డబ్బులు, ఖర్చులకి మూడు వేలు వచ్చాయి. లెక్క వేస్తే పెద్ద లాభమేం లేదు.

కానీ నాన్న ఆ ఆర్డర్ కాపీని పొలం పాస్‌బుక్ పక్కన, బీరువాలో దాచుకున్నారు. సామెత మాత్రం మళ్ళీ చెప్పలేదు.

బిల్లులు పారేయకండి. ముందు 1915 హెల్ప్‌లైన్‌కి కాల్ చేయండి, చాలాసార్లు అక్కడే తేలొచ్చు. తేలకపోతే భయపడకండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.