దొంగ సొమ్ము పట్టే కొలువు: మన పల్లె పిల్లలకి దారి ఎట్టా?

మాది చిలకలూరిపేట దగ్గర పల్లె. నాన్న కౌలుకి మిర్చి, పత్తి చేస్తాడు. నేను హైదరాబాదులో రాత్రి షిఫ్టులో బ్యాంకు లావాదేవీలు చూసే పని చేస్తన్నా. ఊరికొచ్చినప్పుడల్లా పిల్లలు అడిగేది ఒకటే: "అన్నా, ఆ సర్టిఫికెట్ ఏందో చెప్పు, మేమూ చేస్తాం." అందుకే ఇది రాస్తన్నా.

ముందు ఒక సంగతి. పోయినేడు మా వీధి పిల్లోడొకడు అయిదు వేలకి ఆశపడి పాస్‌బుక్కు, ఏటీఎం కార్డు, సిమ్ము ఎవరికో ఇచ్చాడు. రెండు రోజుల్లో ఆ ఖాతాలోకి లక్షలొచ్చి, లక్షలు పోయాయి. ఎవరో సైబర్ మోసంలో పోగొట్టుకున్న సొమ్మది. ఖాతా ఆపేశారు. వేరే రాష్ట్రం పోలీసులు ఇంటికొచ్చారు. వాళ్ళమ్మ పత్తి తీతకి పోయి కూడబెట్టిన డబ్బులు కూడా అందులోనే ఇరుక్కున్నాయి. ఇట్టాంటి ఖాతాని మ్యూల్ అకౌంట్ అంటారు. అంటే ఎవరి బరువో మోసే కంచర గాడిద. వాటిని పసిగట్టడమే మా కొలువు.

ఈ కొలువుకి మూలం 2002 నాటి మనీ లాండరింగ్ నిరోధక చట్టం. 2005 జూలై 1 నుంచి అమల్లో ఉంది. తెలిసి సాయం చేసినోడికి కూడా 3 నుంచి 7 ఏళ్ళ కఠిన జైలు పడుద్ది. 10 లక్షలు దాటిన నగదు లావాదేవీల వివరం బ్యాంకు మరుసటి నెల 15వ తేదీలోపు ఢిల్లీలోని ఫైనాన్షియల్ ఇంటెలిజెన్స్ యూనిట్‌కి పంపాలి. అనుమానం వచ్చిన లావాదేవీకైతే మొత్తంతో పనే లేదు, ఎంత చిన్నదైనా చెప్పాల్సిందే.

పరీక్షల్లో మొదట వచ్చే పాఠం మూడు మెట్లు: ప్లేస్‌మెంట్, లేయరింగ్, ఇంటిగ్రేషన్. గుంటూరు యార్డు చూసినోళ్ళకి ఇది తేలిక. తాలు కాయని యార్డుకి తేవడం మొదటిది. టిక్కీ మధ్యలో పోసి పైన మంచి కాయ కప్పడం రెండోది. మంచి ధరకి అమ్ముకుని దర్జాగా తిరగడం మూడోది. దొంగ సొమ్మూ అంతే: బ్యాంకులో పడుద్ది, పది ఖాతాలు తిరుగుద్ది, చివరికి స్థలమో కారో అవుద్ది.

మన పిల్లలకి ఇక్కడే ఒక బలం ఉంది. మార్చిలో మిర్చి రైతు ఖాతాలో ఒక్కసారే ఆరు లక్షలు పడితే పట్నమోడికి అనుమానం రావచ్చు. మనకి తెలుసు, అది ఏడాది కష్టం, అందులో సగం పురుగుమందుల బాకీకే పోద్ది. అదే సొమ్ము ఆగస్టులో, సెంటు భూమి, కౌలు లేని ఇంటర్ పిల్లోడి ఖాతాలో పడి గంటలో ఖాళీ అయితే? ఆగి చూడాల్సింది దాన్ని. వ్యవసాయ ఆదాయానికి ఆదాయపు పన్ను లేదు కాబట్టి, నల్లడబ్బుకి "పంట సొమ్ము" అని పేరు పెట్టేవాళ్ళూ ఉంటారు. పంట లెక్క తెలిసినోడే ఆ అబద్ధం పట్టగలడు.

ఇక సర్టిఫికెట్లు. తక్కువ ఖర్చులో మొదలెట్టాలంటే ముంబైలోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ బ్యాంకింగ్ అండ్ ఫైనాన్స్ పెట్టే ఏఎంఎల్, కేవైసీ పరీక్ష ఉంది. బ్యాంకు ఉద్యోగం లేకపోయినా ఇంటర్ పాసైనోళ్ళు రాయొచ్చు.

ప్రపంచమంతా చెల్లేది అకామ్స్ సంస్థ ఇచ్చే కామ్స్. దీనికి 40 క్రెడిట్లు కావాలి. డిగ్రీకి 20 వస్తాయి, ఈ రంగంలో పనిచేసిన ఒక్కో ఏడాదికి 10. మిగిలినవి శిక్షణతో కూడగట్టుకోవాలి. ఫీజు వెయ్యి డాలర్లు దాటుద్ది. పాసయ్యాక మూడేళ్ళకోసారి కొత్త చేయించుకోవాలి. మోసాల దర్యాప్తు వైపు పోవాలంటే సీఎఫ్‌ఈ ఉంది, దానికీ రెండేళ్ళ అనుభవం అడుగుతారు. ఫీజులు, నిబంధనలు మారుతుంటాయి, కట్టేముందు ఆ సంస్థల సైట్లోనే చూసుకోండి.

నేను చేసిన తప్పు కూడా చెప్తా. డిగ్రీ అయిపోగానే ఒక కోచింగోళ్ళు "సర్టిఫికెట్‌తో పాటు ఉద్యోగం గ్యారంటీ" అంటే, నాన్న చేత మూడు రూపాయల వడ్డీకి తెప్పించి ముప్పై అయిదు వేలు కట్టా. వాళ్ళిచ్చిన కాగితాన్ని ఇంటర్వ్యూలో ఎవరూ చూడను కూడా లేదు. అడిగింది రెండే: ఇంగ్లీషులో ఒక పేజీ రిపోర్టు రాయగలవా, ఎక్సెల్ వచ్చా? ఆ రెండూ నేర్చుకున్నాకే ఉద్యోగం వచ్చింది. కాబట్టి ముందు డిగ్రీ, ఇంగ్లీషు రాత, ఎక్సెల్. తర్వాత చిన్న పరీక్ష. ఉద్యోగంలో చేరి, అనుభవం వచ్చాక కామ్స్. అప్పు చేసి పై మెట్టు మీదకి దూకొద్దు.

తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, అన్నిటికన్నా ముందు మీ ఖాతా శుభ్రంగా ఉంచుకోండి. ఈ ఉద్యోగాల్లో చేర్చుకునేముందు మీ వెనకటి చరిత్ర తవ్వుతారు, కేసుంటే తలుపు మూసుకున్నట్టే. ఎవరైనా మోసపోతే వెంటనే 1930కి ఫోన్ చేయించండి. ఎంత తొందరగా చేస్తే సొమ్ము ఆగే అవకాశం అంత ఎక్కువ. మా వీధి పిల్లోడు ఇంకా వాయిదాలకి తిరుగుతానే ఉన్నాడు. చదువులో వాడు నాకన్నా చురుకు.