కన్ఫ్యూషియస్ తత్వం: ఆధునిక జీవితంలో ఆచరణ

కన్ఫ్యూషియస్ (క్రీ.పూ. 551–479) చైనాలోని లూ రాజ్యంలో పుట్టాడు. తన బోధను పాలనలో పెట్టే రాజు కోసం ఏళ్ల తరబడి రాజ్యాలు తిరిగినా ఒక్కరూ దొరకలేదు. ఆ బోధ ఆదర్శమే తప్ప ఆచరణకు లొంగదన్న విమర్శ అప్పటినుంచీ ఉంది. చరిత్రను పరిశీలిస్తే, కరుణ, మర్యాద, పితృభక్తి అనే ఆయన భావనలకు ఎవరైనా ఒక ఏర్పాటు కల్పించిన చోట అవి చక్కగా పనిచేశాయని తెలుస్తుంది. హాన్ వంశపు వూ చక్రవర్తి క్రీ.పూ. 136లో కన్ఫ్యూషియస్ సంప్రదాయపు ఐదు ప్రాచీన గ్రంథాలకు ఆస్థాన పండితులను నియమించాడు. హాన్ వంశం పతనమయ్యాక అనేక శతాబ్దాలు బౌద్ధ, తావో మతాలదే పైచేయి.

సాంగ్ యుగపు మహాపండితుడు జూ షి (1130–1200) భావనకు ఏర్పాటు కల్పించడంలో గొప్ప ఉదాహరణ. 1168లో ఫుజియాన్ ప్రాంతంలో కరువు వచ్చినప్పుడు ఆయన ప్రభుత్వం నుంచి 600 షీల (నాటి కొలత) ధాన్యం అప్పు తెచ్చి ఊరివాళ్లకు ఇప్పించాడు. 1171లో ఊరి గాదె కట్టించాడు. వేసవిలో అప్పిచ్చి, చలికాలంలో నూటికి ఇరవై వడ్డీతో తిరిగి కొలిపించేవారు. పంట కొంత దెబ్బతింటే వడ్డీ సగం, పూర్తిగా పోతే మాఫీ. పద్నాలుగేళ్లకు ప్రభుత్వ బాకీ తీరి, గాదెలో 3,100 షీలు మిగిలాయి. ఆపైన వడ్డీ తీసేసి, నూటికి మూడు వంతులు తరుగు కింద మాత్రం పట్టుకున్నారు. 1181లో చక్రవర్తి ఈ పద్ధతిని ఇతర ప్రాంతాలకూ సిఫారసు చేశాడు. ఈ జూ షి వ్యాఖ్యానాలే 1313 నుంచి కొలువుల పరీక్షకు పాఠ్యమయ్యాయి. 1905లో ఆ పరీక్షలు రద్దయ్యాయి.

చైనాలో 1919 మే నాలుగు ఉద్యమకారులు ఈ తత్వాన్ని స్త్రీలనూ యువతనూ అణచే భావజాలంగా నిందించారు. ఆ నిందలో నిజముంది. దక్షిణ కొరియాలో మగవాణ్నే ఇంటి యజమానిగా నమోదు చేసే విధానం రాజ్యాంగ విరుద్ధమని 2005లో న్యాయస్థానం తేల్చింది, 2008లో అది రద్దయింది. అయినా అక్కడి కుటుంబాల్లో పితృదేవతల పూజ కొనసాగుతోంది. అంటే పెత్తనాన్ని తీసేసినా తత్వం బతకగలదు. పెట్టుబడిదారీ విధానం చైనాలో పుట్టకపోవడానికి ఈ తత్వం ఒక కారణమని సామాజికశాస్త్రవేత్త మాక్స్ వెబర్ వాదించాడు. తరువాతివారు తూర్పు ఆసియా ఆర్థికాభివృద్ధిని దీని ఖాతాలోనే వేశారు. ఒకే తత్వాన్ని రెండు విరుద్ధ ఫలితాలకు కారణంగా చూపారంటే, ఏ వాదనా ఒంటరిగా నిలవదు. తత్వం కన్నా దానికి కల్పించిన ఏర్పాటే ముఖ్యమన్నది ముసలి తల్లిదండ్రుల పోషణ విషయంలో ఇంకా స్పష్టం. 1995 నాటి సింగపూర్ చట్టం ప్రకారం తమను తాము పోషించుకోలేని, 60 ఏళ్లు నిండిన తల్లిదండ్రులు పిల్లల నుంచి మనోవర్తి కోరవచ్చు. గౌరవం లేని పోషణ పోషణ కాదని కన్ఫ్యూషియస్ బోధించాడు కనుక ఇది ఆయన మార్గం కాదని ఆక్షేపణ. అది సరైనదే, కానీ గౌరవం కలిగేదాకా ఆకలి ఆగదు. చైనా 2013 జులై 1 నుంచి అమలు చేసిన చట్టం, వేరుగా ఉండే పిల్లలు పెద్దలను తరచుగా చూసి రావాలంది. ఎన్నాళ్లకోసారో చెప్పలేదు. అమలుకు వచ్చిన రోజే వూషీ నగర న్యాయస్థానం ఒక వృద్ధురాలి కేసులో, కూతురు కనీసం రెండు నెలలకోసారి తల్లిని చూసి రావాలని ఆ లెక్కను తానే వేసి తీర్పు చెప్పింది.