జానీ ఇంగ్లిష్ (2003 సినిమా)

పీటర్ హోవిట్ దర్శకత్వంలో 2003లో వచ్చిన బ్రిటిష్ గూఢచారి హాస్యచిత్రం. 1990లలో బార్క్లేకార్డ్ ప్రకటనల్లో రోవన్ అట్కిన్సన్ వేసిన గూఢచారి వేషమే ఇందులోని నాయకుడు జానీ ఇంగ్లిష్‌కు మూలం. అట్కిన్సన్ మరో హాస్యపాత్ర మిస్టర్ బీన్ చేతికి తుపాకీ ఇచ్చారంతేనని దీన్ని తీసిపారేసేవారున్నారు. ముఖకవళికలు చూస్తే ఆ మాటలో కొంత నిజముంది. కానీ బీన్ దాదాపు మాట్లాడడు, తన గొప్ప చెప్పుకోడు. ఇంగ్లిష్‌కు నోరే శత్రువు. తన పొరపాటు కప్పిపుచ్చుకోవడానికి లేని దుండగుడితో తలుపు చాటున కలబడినట్టు నటించి, వాడి ఆనవాళ్లు కూడా అల్లి చెబుతాడు. పొరపాటున వేరెవరివో అంత్యక్రియల్లో జొరబడి, శోకంలో ఉన్నవాళ్లను దొంగలని నిలదీస్తాడు. నవ్వు పుట్టేది తెలివితక్కువతనం నుంచి కాదు, తప్పు ఒప్పుకోలేని డాబు నుంచి.

బాండ్‌కు ఇది చవక అనుకరణ అన్న ఆక్షేపణా నిలవదు. రచయితల్లో ఇద్దరు, నీల్ పర్విస్, రాబర్ట్ వేడ్, అప్పటికే 'డై అనదర్ డే' (2002) వంటి అసలు బాండ్ చిత్రాలు రాసినవారు. ఎక్కడ గిల్లాలో వారికి బాగా తెలుసు. బ్రిటన్‌కు రాజై దేశాన్నే జైలుగా మార్చాలనుకునే ప్రతినాయకుడి (జాన్ మాల్కోవిచ్) పథకం మాత్రం మరీ పేలవం. 2011లో, 2018లో కొనసాగింపులు వచ్చాయి. మూడింటిలో పాత్ర స్వభావం నిక్కచ్చిగా కుదిరింది మొదటిదానిలోనే.