కత్తిపీట: దారులోహముల పొత్తు

మన కులవృత్తుల చరిత్రము వ్రాయబూనినవారు గోపురములను, రథములను, సింహాసనములను వర్ణింతురుగాని వంటయింటి మూలనున్న కత్తిపీటను తలంపరు. వడ్రంగికిని కమ్మరికిని గల పొత్తునకు ఆ పీటయే సాక్ష్యము. వడ్రంగి యెక్కువయా, కమ్మరి యెక్కువయా యను వాదము మనలో నింకను వినవచ్చుచున్నది గావున దీనిని వ్రాయుచున్నాను.

పీఠనిర్మాణము మనకు క్రొత్తవిద్య కాదు. రాజాభిషేకమునకు మేడికొయ్యతో ఆసందిని చేసి, దాని కాళ్లు ప్రాదేశమాత్రము, అనగా ఇంచుమించు జానెడు, ఉండునట్లు నిలిపి, ముంజగడ్డి త్రాళ్లతో నల్లవలెనని ఐతరేయ బ్రాహ్మణము విధించినది. ఆఱవ శతాబ్దివాడగు వరాహమిహిరుడు బృహత్సంహితలో శయ్యాసనములకొక యధ్యాయమునే కేటాయించి, టేకు, ఇరుగుడు మొదలగునవి శుభములనియు, పిడుగుపడిన మ్రాకులు వర్జ్యములనియు చెప్పెను. ఇది వట్టి శకునశాస్త్రమని కొందఱందురు. పిడుగుపడిన మ్రానికి లోపల పగుళ్లుండునని యే వడ్రంగి యెఱుగడు?

ఇక కత్తిపీట. పలకను బాడిసతో చెక్కి చిత్రికపట్టుట యొకనిపని. ఇనుమును కొలిమిలో కాచి, దాగలిపై సమ్మెటతో సాగగొట్టి వంచుట వేఱొకనిపని. కష్టమంతయు నీ రెండును గలియుచోట నున్నది. పలకలోని బెజ్జము కత్తికాడకంటె రవంత యిఱుకుగా నుండవలెను. కాడను కొంచెము కాచి దింపినచో నది తన చోటును తానే కాల్చుకొని కూర్చుండును. మిక్కిలి కాచిన కొయ్య బొగ్గై కత్తి వదులగును. బెజ్జము పలకకొనకు దాపైన పలక నారవెంబడి చీలును. ఎఱ్ఱగా కాచి నీటముంచిన కత్తి గాజువలె పెళుసగును గావున మరల వెచ్చజేసి, అంచున పసుపుచాయ దోచగనే చల్లార్పవలెను.

తుమ్మపలకయైనచో కాడచుట్టును నల్లనిమచ్చ యేర్పడును. కొయ్యలోని వగరు ఇనుముతో గలిసిన ఫలమది. కరక్కాయకును అన్నభేదికిని పుట్టు సిరానలుపు వంటిదే. దీనికై వడ్రంగిని నిందించిన గృహిణులను నేనెఱుగుదును!

పూర్వము గ్రామములలో నిరువురికిని కళ్లముకడ ధాన్యపుమేర ముట్టుచుండెను. నేడు యంత్రశాలలనుండి వచ్చు తుప్పుపట్టని కత్తులు మరమేకులతో బిగింపబడుచున్నవి. అవి చెడ్డవనను, వదులైనపుడు బిగించుకొనుట సులభము. కాని కాడ దింపు నేర్పు గలవారు మన యూళ్లలో నొకరిద్దఱైనను మిగిలియుండగనే కొలతలను, పనిముట్ల పేళ్లను వ్రాయించుటకు దాతలు పూనుకొనవలెనని నా మనవి.

మా తండ్రి చెక్కిన పలకలో మా మేనమామ దింపిన కాడ నేటికిని కదలలేదు. కత్తిమాత్రము నూఱి నూఱి నెలవంకవలె సన్ననైనది.